ఒట్టి ఉదాహరణలు

ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆమెను ‘ఒకవేళమ్మ’ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. ఆమెకు బాగానే తెలుసు. వద్దంటే ఒకవేళ ఇంతకన్నా పెద్ద పేరేదైనా తగిలిస్తారేమోనని తెలియనట్టే ఊరుకుంది.

పేరు పెట్టినవాళ్ళను తప్పుపట్టడానికి లేదు. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారినుంచి వెనక్కి వచ్చే మనుషులు లోకంలో చాలామందే ఉంటారు. వచ్చి, చూసి, కట్టే ఉందని తృప్తిపడి, మళ్ళీ సగం దారి వెళ్ళాక, చూస్తున్నప్పుడు చెయ్యి తగిలి తిరిగిందేమోనని రెండోసారి వచ్చేది మాత్రం ఈమె ఒక్కతే. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. అతను కాస్త ఆలస్యమైతే చాలు, ఆమె మనసులో ఆ వ్యాను మలుపులో బోర్లా పడుతుంది, పిల్లల తల్లులంతా ఇంటిమీదికి వస్తారు, కోర్టులో కేసు నడుస్తుంది, శిక్ష కూడా పడుతుంది. అంతలో అతను గుమ్మంలో చెప్పులు విడుస్తూ, “ఏంటలా చూస్తున్నావ్? రైల్వే గేటు పడింది,” అంటాడు. “వానొస్తుందంటే మనం గొడుగు కొంటాం. మా కోడలు పడవ బేరమాడుతుంది,” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇంతటి భయస్తురాలికీ భయం వెయ్యని చోటు ఒకటుంది. అది ఆమె పనిచేసే చోటు.

రంగుల దుకాణం పైన, మెట్లెక్కుతుంటేనే వార్నిష్ వాసన కొట్టే నాలుగు గదులు. అక్కడ పెద్దాయన ఒకాయన ఏళ్ళ తరబడి ఒకే పుస్తకం రాస్తున్నారు. సంస్కృతం, పారశీకం, గ్రీకు, లాటిన్ మొదలుకొని ఇంగ్లీషు దాకా ఒకే పెద్ద కుటుంబానికి చెందిన భాషల్లో, ‘ఇదీ కాదు అదీ కాదు’ అని రెంటినీ ఒకే దెబ్బతో కాదనే మాటలు, ‘అలా జరగకుండా’ అనే మాటలు, ‘ఇలా అయితే తప్ప’ అనే మాటలు ఎక్కడ పుట్టాయి, ఎలా పెరిగాయి, ఏ ఇంట్లో ఏ వేషం కట్టాయి అన్నది ఆ పుస్తకం. వినడానికి మనిషి దొరికితే చాలు, ఆయనకు ఆకలి దప్పులుండవు. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడైనా సరే.

“అసలు తల్లి ఒక్కతే నాయనా, ‘న’ అనే ఒక్క అక్షరం. లాటిన్ వాళ్ళింట్లో దానికి ‘మరియు’ అనే అర్థమున్న ‘క్వే’ తోకగా తగిలి ‘నేక్వే’ అయింది. వాడగా వాడగా అరిగి ‘నెక్’. ఇంకా అరిగి ఫ్రెంచివాళ్ళ దగ్గర ‘ని’. సబ్బుబిళ్ళ అరిగినట్టు. ఇంగ్లీషువాళ్ళ ‘నార్’ ఉంది చూశావూ, అది ఒకప్పుడు ‘రెంటిలో ఏదీ కాదు’ అనే నిండు మాట. నమిలి నమిలి అంత ముక్క చేశారు. కొందరు ఒక్కసారి కాదంటే ఊరుకుంటారు. కొందరు ముందోసారి కాదని, క్రియ దగ్గర మళ్ళీ కాదంటేగానీ ఊరుకోరు.”

మీటరు మనిషి మెట్లు దిగుతూ కూడా వింటూనే ఉండేవాడు. మన తెలుగు ఆ కుటుంబంలోది కాదు కాబట్టి మనకీ గొడవ లేదని, మనం ఇల్లూ, వాకిలీ, తిండీ, బట్టా అంటూ అన్నిటినీ ఒకచోట కూర్చోబెట్టి చివర ఒక్క ‘లేదు’తో మంగళం పాడేస్తామని ఆయన కొంచెం అసూయగా అనేవారు.

పెద్ద భాషలకైతే పుస్తకాలున్నాయి. ఆ కుటుంబంలోనే పుస్తకాలకెక్కని చిన్న భాషలు కొన్నున్నాయి. అవి మాట్లాడేవాళ్ళు పొట్టకూటికోసం ఈ ఊరికి వచ్చి ఉంటే వెతికి పట్టుకొచ్చి, కూర్చోబెట్టి, వాక్యాలు చెప్పించి రికార్డు చెయ్యడం ఒకవేళమ్మ ఉద్యోగం. అందుకు ఒక గది ఉంది. గోడలకు స్పాంజి, కిటికీ లేదు, బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. వరండావైపు తలుపు మీద ఎర్రదీపం. అది వెలుగుతున్నంతసేపూ పెద్దాయనతో సహా ఎవరూ ఆ తలుపు ముట్టుకోకూడదు. వెనక రెండో తలుపు మైకుల సామాను పెట్టే కొట్లోకి, అక్కడినుంచి రంగుల దుకాణం వాళ్ళు వాడుకునే వెనక మెట్లకు దారి.

పనిలో చేరినప్పుడు పెద్దాయన ఆమెకు నేర్పింది ఒకటే. “అర్థం వైపు చూడొద్దమ్మా. అతుకు వైపు చూడండి. ఆ అతికించే మాట ఎలా పలికారు, ఎక్కడ పెట్టారు, అంతే. మిగతాది ఇల్లు తగలబడితేనేం, పెళ్ళయితేనేం.”

ఆ మాట ఆమెకు అమృతంలా తోచింది. ఆ గదిలో నదులు పొంగుతాయి, కొడుకులు తిరిగిరారు, ఆవులూ దక్కవు గొర్రెలూ దక్కవు. ఒక్కటీ నిజం కాదు. భోజనానికి లేచేసరికి ఎవరికీ ఏమీ అయ్యుండదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కీడు వింటూ కూడా గుండె దడలేకుండా ఉండగల ఉద్యోగం దేవుడు తన కోసమే చేసి పెట్టాడనుకునేది.

అలాంటి చోటికి ఆ అమ్మాయి వచ్చింది.

బస్టాండు వెనక వీధిలో ఒక డ్రై క్లీనింగ్ షాపుంది. అందులో ప్యాంట్లు కురచ చెయ్యడం, జిప్పులు మార్చడం ఆ అమ్మాయి పని. కొండల అవతలి దేశం. ఆమె భాష గురించి పెద్దాయన దగ్గర రెండు పేజీల సమాచారం కూడా లేదు. షాపు యజమాని కూడా ఆ దేశంవాడే. ఆమెను ఇక్కడికి తెచ్చి పని ఇచ్చింది ఆయనే, పెదనాన్న వరసట. నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతులు కట్టుకుని మాట్లాడే మర్యాద. వారం వారం ఆమెను తానే వెంటబెట్టుకుని వచ్చి, పనయ్యేదాకా వరండాలో బల్లమీద కూర్చుని, తానే తీసుకెళ్ళేవాడు. ఎర్రదీపం వెలిగిందంటే దగ్గు కూడా ఆపుకునేవాడు. మెట్లమీద ఎవరైనా గట్టిగా మాట్లాడితే పెదవులమీద వేలు పెట్టి చూపించేవాడు. ఆఫీసులో అందరూ అతనికి ‘ఓపికయ్య’ అని పేరు పెట్టి మెచ్చుకున్నారు. “సొంత తండ్రి కూడా ఇంత చెయ్యడు,” అని ఒకవేళమ్మే అంది, ఆ మాట తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకునేలా చేసిందో.

మొదటిరోజే అమ్మాయికి పద్ధతి చెప్పింది. “నిజమే చెప్పాలనేం లేదమ్మా. అబద్ధమైనా పర్లేదు. వాక్యం వస్తే చాలు. ముందు మీ మాటల్లో చెప్పు, తర్వాత నాకు అర్థం చెప్పు.”

అమ్మాయి కాసేపు మైకు వైపు చూసింది. “ఎవరు వింటారు?” అంది. ఇక్కడి మాటలు ముక్కలు ముక్కలుగానే అయినా వచ్చు ఆమెకు.

“మేమే. బయటికి పోదు.”

“సరే అక్కా.”

“రెండూ లేవు అని వచ్చేలా ఒకటి చెప్పు.”

అమ్మాయి తన భాషలో చెప్పి, అర్థం చెప్పింది. “గదికి లోపల గడియా లేదు, కిటికీ కూడా లేదు.”

“బాగుంది. ఇంకోటి.”

“నా పాస్‌పోర్టు నా దగ్గరా లేదు, మా అమ్మ దగ్గరా లేదు.”

“చాలా బాగుంది.”

వారాలు గడిచాయి. ‘అయితే తప్ప’ అడిగితే, “అతను తాళం తీస్తే తప్ప నేను బయటికి రాలేను,” అంది. ‘జరగకుండా’ అడిగితే తలుపు వైపు ఒకసారి చూసి, “అతను రాకుండా రాత్రిళ్ళు కుట్టుమిషను తలుపుకి అడ్డం జరుపుతాను,” అంది. ఆ వాక్యంలోని అతుకు మాట ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేనిది. పెద్దాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. “అందరి పుస్తకాల్లోనూ వానలో తడవకుండా గొడుగు, దొంగ రాకుండా కుక్క. ఎంత తాజా వాక్యం చెప్పిందమ్మా ఈ పిల్ల. ఇలాంటివి ఇంకో పది రాబట్టండి.” ఒకవేళమ్మ రాబట్టింది. ప్రతి వాక్యం తర్వాతా ఆ అమ్మాయి మాట ఆపి ఆమె మొహంలోకి చూసేది. సరిగ్గా చెప్పానా లేదా అనే అనుమానం కాబోలనుకుని, పాపం, ధైర్యం వస్తుందని, “బాగుంది, ఇంకోటి,” అనేది ఒకవేళమ్మ, నవ్వుతూ.

ఒక శనివారం పొద్దున వంటింట్లో అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పెద్దాయన మెచ్చుకున్న సంబరంలో ఒకవేళమ్మ ఆ వాక్యాన్ని ఆవిడకు వినిపించింది. అత్తగారి చెయ్యి ఆగింది.

“ఎవరు రాకుండా?” అంది.

“ఎవరో అత్తయ్యా. ఎవరూ కాదు. అది ఒట్టి ఉదాహరణ.”

“ఒట్టి ఉదాహరణకి కుట్టుమిషనెందుకు జరపడం? బల్లో కుర్చీయో జరిపితే సరిపోయేదిగా.”

“ఆ అమ్మాయి బట్టలు కుడుతుందిలెండి. అందుకని నోటికి అదొచ్చి ఉంటుంది.”

“అదే నేనూ అంటున్నా,” అంది అత్తగారు. “ఇప్పుడెక్కడుంది ఆ పిల్ల?”

ఒకవేళమ్మ చేతిలోని గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ వేరువేరుగా అట్టిపెట్టిన వాక్యాలన్నీ ఒక్కసారిగా వచ్చి పక్కపక్కన కూర్చున్నాయి. గదికి లోపల గడియ లేదు. తాళం తీస్తే తప్ప రాలేను. పాస్‌పోర్టు లేదు. అతను రాకుండా. కళ్ళముందు ఆ అమ్మాయి మొహం, మాట ఆపి తనవైపు చూసే ఆ చూపు. పొయ్యిమీద కూర అడుగంటి వాసన వస్తున్నా ఆమెకు తెలియలేదు. ఎన్నడూ లేనిది, గ్యాసు అత్తగారు కట్టేసింది.

భర్త మాత్రం నవ్వేశాడు. “నువ్వు భయపడ్డవాటిలో ఇప్పటిదాకా ఒక్కటైనా జరిగిందా? ఇదీ అంతే.”

“అవన్నీ నేను భయపడ్డవి కదండీ. దీనికి నేను భయపడలేదు. అదే నా భయం,” అంది ఆమె. అతనికి ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఆరోజే భర్త ప్యాంటు ఒకటి సంచిలో పెట్టుకుని డ్రై క్లీనింగ్ షాపుకు వెళ్ళింది. దారంతా కాళ్ళు వెనక్కే లాగాయి. ఒకవేళ అదంతా తన ఊహే అయితే, పెద్దమనిషిని అనుమానించిన పాపం. ఒకవేళ నిజమైతే, తన మొహం చూసి అతను కనిపెట్టేస్తే? కౌంటరు దగ్గర ఓపికయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యో మేడమ్, మీరెందుకు శ్రమపడ్డం? ఫోను చేస్తే మనిషిని పంపేవాణ్ణి.”

“ఇటుపక్క పనుండి వచ్చానండి. దీని కింద కొంచెం కురచ చెయ్యాలి. ఆ అమ్మాయికి కొలత చెప్పనా?”

“నాకు చెప్పండి, చాలు. పనిలో ఉన్నప్పుడు దానికి మాట్లాడటం ఇష్టముండదు.”

వేలాడే బట్టల వరసల వెనక, ట్యూబులైటు కింద, ఆ అమ్మాయి మిషను తొక్కుతోంది. తల ఎత్తలేదు. ఆమె వెనక ప్లైవుడ్ తలుపొకటి ఉంది. దానికి గడియ బయటవైపు బిగించి ఉంది. గడియకి తాళం వేలాడుతోంది. ఒకవేళమ్మ ప్యాంటు కొలత ఎంత చెప్పిందో ఆమెకే తెలియదు. తర్వాత చూస్తే అది మోకాలి దాకా వచ్చింది.

సోమవారం పెద్దాయన గదిలోకి వెళ్ళేసరికి ఆయన ఆ అమ్మాయి వాక్యాలే ముందు పెట్టుకుని ఉన్నారు. విషయం చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మనం అడిగి చెప్పించిన వాక్యం సాక్ష్యం కాదమ్మా. ఈ పనిలో అది మొదటి పాఠం. మీకు కంగారెక్కువ, నాకు తెలుసు.”

“ఎక్కువే సార్. కానీ ఆ గడియ నేను చూశాను. బయటవైపుంది.”

ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోయి, చేతిలో పట్టుకునే కూర్చున్నారు. “నేను చప్పట్లు కొట్టాను కదూ,” అన్నారు.

“నేను ఇంకోటి చెప్పమన్నాను సార్.”

ఇద్దరికీ తల కొట్టేసినట్టయింది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, మంచివాళ్ళే, చెవులు పెట్టుకుని వినడమే పనిగా పెట్టుకున్నవాళ్ళే. ఒక మనిషి మొరపెట్టుకుంటూ ఉంటే వాళ్ళు వారం వారం శభాష్ అంటూ వచ్చారు. ఇలాంటి తప్పు లోకంలో ఇంకెవరికీ చేతకాదు.

ఆడవాళ్ళకు ఆశ్రయమిచ్చే సంస్థలో లాయరమ్మ ఒకావిడ ఫోనులో నిదానంగా అంతా విన్నది. “మీరు విన్న వాక్యాలు పట్టుకుని నేను షాపులోకి రాలేను. తొందరపడితే అతను ఆమెను ఇంకో ఊరికి తరలిస్తాడు. ఆ అమ్మాయి తన ఇష్టంతో బయటికొచ్చి తన నోటితో చెప్పాలి. వస్తానంటే ఒక్క పూట ఎక్కడైనా క్షేమంగా కూర్చోబెట్టండి, మిగతాది నేను చూసుకుంటాను,” అంది. మా ఇల్లుంది అని ఒకవేళమ్మ నోరు జారింది. జారాక ఇక వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు.

ఆ రాత్రి ఆమె ఒకవేళలకు అంతులేదు. ఓపికయ్యకు ముందే తెలిసిపోతే? ఈ వారం అసలు తీసుకురాకపోతే? ఆ పిల్ల రానంటే? పోలీసులొచ్చి, మనిషిని ఎత్తుకెళ్ళారని తమనే పట్టుకుంటే? వ్యాను స్టార్టు కాకపోతే? ఆ ఆఖరిది పైకే అనేసింది, అది విని భర్త లేచి కూర్చుని, “బ్యాటరీ కొత్తది,” అని మళ్ళీ పడుకున్నాడు.

మర్నాడు వాళ్ళు వచ్చే రోజు, వచ్చారు. ఓపికయ్య ఎప్పటిలాగే బల్లమీద సర్దుకున్నాడు. పెద్దాయన కుర్చీ లాక్కుని అతని పక్కనే కూర్చున్నారు. జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి కావడంతో చెవులు ఎర్రబడ్డాయి. ఏం మాట్లాడాలో పాలుపోక, తెలిసిందే మొదలుపెట్టారు.

“మీకో సంగతి చెప్పనా? ‘న’ అని ఒక అక్షరం ఉందండీ...”

ఓపికయ్య మర్యాదగా తల ఊపాడు. ఏ పనిలో ఏం తేడా వచ్చినా పెద్దాయన ఉపన్యాసం తొందరగా ముగుస్తుందన్న భయం మాత్రం ఒకవేళమ్మకు కూడా కలగలేదు. అమ్మాయిని లోపలికి పంపి తలుపు మూయబోతుంటే ఆయన గొంతు వినిపిస్తోంది. “...భయం దగ్గర ఇంకా చిత్రం. లాటిన్ వాళ్ళది మొదట్లో రెండు వేర్వేరు మాటలని కొందరంటారు. ‘భయంగా ఉంది’ అని ఒకటి. ‘వాడు రాకూడదు’ అని ఒకటి. ఆ రెండూ అతుక్కుపోయి...” అని ఆయన ఠక్కున ఆగిపోయారు. ఏమన్నారో ఆయనకే అప్పుడు తెలిసింది. ఓపికయ్య మొహంలో ఏమీ మారలేదు. “చెప్పండి సార్,” అన్నాడు. పెద్దాయన గ్రీకులోకి దూకారు.

ఒకవేళమ్మ తలుపు వేసి ఎర్రదీపం మీట నొక్కింది. రికార్డింగు యంత్రం మాత్రం వెయ్యలేదు. అమ్మాయి ఆ యంత్రం వైపు, ఆమె వైపు చూసింది.

“ఇవాళ వాక్యాలు వద్దమ్మా,” అంది ఒకవేళమ్మ. “నువ్వు చెప్పినవన్నీ నీ సంగతులేనా? మిషను అడ్డం పెట్టుకోవడం, అదీ?”

అమ్మాయి తల ఊపింది.

“నాతో చెప్పి ఉండాల్సింది కదమ్మా.”

“చెప్పానక్కా,” అంది ఆ అమ్మాయి. కోపం లేదు గొంతులో. “మీరు బాగుందన్నారు.”

ఒకవేళమ్మకు దెబ్బ తగిలినా ఇంత నొప్పి పుట్టి ఉండేది కాదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపొచ్చింది, ఏడవడానికి వేళ కాదని తెలుస్తూనే ఉంది.

“నేను వినలేదమ్మా. మాటలు రాసుకున్నాను గానీ నిన్ను వినలేదు. నాది తప్పు,” అంది. తర్వాత గబగబా చెప్పేసింది. వెనక తలుపుంది, మెట్లున్నాయి, సందులో మా ఆయన వ్యానుతో ఉన్నాడు, మా ఇంట్లో లాయరమ్మ కూర్చునుంది, పాస్‌పోర్టు సంగతి ఆవిడ చూసుకుంటుంది, నీకు ఇష్టమైతేనే.

అమ్మాయి కదల్లేదు. “అతను ఊరుకోడు. మీ ఇల్లు వెతుకుతాడు. మీకు భయం లేదా?”

లేదని అబద్ధం చెప్పేస్తే పని తొందరగా అయ్యేదే. కానీ ఆ గదిలో, అబద్ధమైనా పర్లేదని తానే అన్న గదిలో, ఒకవేళమ్మకు అది నోటికి రాలేదు.

“చాలా భయంగా ఉందమ్మా. రాత్రంతా నిద్ర లేదు. నా చేతులు చూడు,” అని చూపించింది. వేళ్ళు వణుకుతున్నాయి.

అమ్మాయి ఆ చేతులవైపు చూసింది. అప్పుడు కుర్చీలోంచి లేచింది.

వెనక కొట్లో మైకుల కర్రలు తప్పించుకుంటూ వెళ్ళి తలుపు లాగితే సగమే తెరుచుకుంది. అవతల రంగుల దుకాణం వాళ్ళు డబ్బాలు పేర్చిపోయారు. ఒకవేళమ్మ లోకంలో ఉన్న ఒకవేళలన్నీ తలుచుకుంది గానీ రంగు డబ్బాల్ని తలుచుకోలేదు. పక్కకి తిరిగి ఇరుక్కుంటూ దూరింది. అమ్మాయి సన్నగా ఉంది కాబట్టి సులువుగానే దూరింది, కానీ ఒకవేళమ్మ పైట అంచు తగిలి ఒక చిన్న డబ్బా జారి, మెట్టుమీద పడి, ఇంకో మెట్టుమీద పడి, అలా కిందిదాకా మోగుకుంటూ పోయింది. ఇద్దరూ గోడకు అతుక్కుపోయారు. వెనక మెట్ల వెంటిలేటరులోంచి వరండా మాటలు సన్నగా వినిపిస్తున్నాయి. పెద్దాయన గొంతు ఆగింది. బల్ల కిర్రుమంది. ఓపికయ్య ఏదో అడిగాడు.

“కింద దుకాణం వాళ్ళు,” అన్నారు పెద్దాయన, మామూలుగా కన్నా చాలా గట్టిగా. “రోజూ ఇదే గోల. దీపం వెలుగుతోందన్న జ్ఞానం కూడా ఉండదు వాళ్ళకి. కూర్చోండి, కూర్చోండి. గ్రీకువాళ్ళకి ‘కాదు’లు రెండండీ, ఒకటి జరిగినదాన్ని కాదనేది, ఒకటి జరగొద్దని కోరుకునేది...”

బల్ల మళ్ళీ కిర్రుమంది. అతను కూర్చున్నాడు. దీపం వెలుగుతున్నప్పుడు తలుపు ముట్టుకోకూడదన్న మర్యాద అతనికి అందరికన్నా బాగా తెలుసు.

మెట్లమీద చీకటిగా ఉంది. ఇక్కడే కూలబడిపోతానేమో, ఈ పిల్ల గతేమిటి అని ఒకవేళమ్మ అనుకుంటూ ఉండగా, వెనకనుంచి ఆమె మోచేతి కింద ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. కుట్టుపని చేసే చెయ్యి, వేలి చివర గరుకుగా ఉంది. ఇద్దరూ కలిసి ఒక్కొక్క మెట్టే దిగారు.

సందులో వ్యాను స్టార్టు చేసే ఉంది. భర్త తలుపు తీసిపట్టుకుని ఆ అమ్మాయిని చూశాడు. “రామ్మా, కూర్చో,” అన్నాడు.

వ్యాను సందు దాటింది, బస్టాండు వెనక వీధిలోకి పోకుండా చుట్టు తిరిగి పెద్ద రోడ్డెక్కింది. ఒకవేళమ్మ వెనక అద్దంలోంచి ప్రతి స్కూటరునూ, ప్రతి నెరిసిన తలనూ చూస్తూనే ఉంది. అమ్మాయి చిన్నపిల్లల సీట్లో మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని, ఒక సిగ్నలు దగ్గర వ్యాను ఆగినప్పుడు ఏదో అంది. తన భాషలోనే, చాలా చిన్న వాక్యం. ఒకవేళమ్మ అలవాటుకొద్దీ అందులో అతుకు కోసం వెతికింది. ‘ఇదీ లేదు అదీ లేదు’ లేదు. ‘తప్ప’ లేదు. ‘రాకుండా’ లేదు. ఆ భాషలో ఆమె నేర్చుకున్నవి అంతవరకే, మిగతాది ఒక్క ముక్క కూడా తెలియదు.

“ఏమన్నావమ్మా? నాకు అర్థం కాలేదు,” అంది.

“ఆకలేస్తోంది అన్నానక్కా,” అంది ఆ అమ్మాయి.